సిలికేట్ ఖనిజాల నిర్మాణం: మూలలు లెక్కపెట్టి ఎలా తెలుసుకోవాలి

డిగ్రీలో జియాలజీ చదివేవాళ్ళకీ, పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్ళకీ సిలికేట్ల (సిలికాన్, ఆక్సిజన్ కలిసి కట్టిన ఖనిజాల) పాఠం రాగానే టెన్షన్ మొదలవుతుంది. నీసో, సోరో, సైక్లో, ఐనో, ఫిల్లో, టెక్టో అని ఆరు పేర్లు, వాటి పక్కన సిలికాన్, ఆక్సిజన్ నిష్పత్తులు, ఆ పక్కన ఖనిజాల పేర్లు. పట్టికంతా బట్టీ పడతారు. పరీక్ష అయిన వారానికే మర్చిపోతారు. నన్నడిగితే ఆ పట్టిక బట్టీ పట్టడం దండగ. ఒకే ఒక్క ఆకారాన్ని చేత్తో చేసి, దాని మూలలు ఎన్ని పక్కదానితో కలిశాయో లెక్కపెట్టడం వస్తే పట్టికను మీరే రాసుకోగలరు. ఆ ఖనిజం ఎటు విరుగుతుందో, పొరలుగా ఎందుకు లేస్తుందో కూడా చాలావరకు ఆ లెక్కలోంచే తెలుస్తుంది.

ఈ శ్రమకు తగ్గ ఫలితం ఉంది. భూమి పైపొర బరువులో దాదాపు 46 శాతం ఆక్సిజన్, 28 శాతం సిలికాన్. ఆ పైపొరలో తొంభై శాతానికి పైగా ఉన్నవి సిలికేట్ ఖనిజాలే. మీ ఇంటి గ్రానైట్ గట్టు, గోదావరి ఇసుక, ఆదిలాబాద్ నల్లరేగడి, పలక మీద రాసే బలపం అన్నీ ఈ కుటుంబానివే.

ముందు చతుర్ముఖి చేయండి

ఒక చార్ట్ పేపర్, స్కేలు, కంపాస్, కత్తెర, సెల్లో టేపు, పిల్లలు ఆడుకునే క్లే ఒక ప్యాకెట్ తీసుకోండి. క్లే లేకపోతే గట్టిగా కలిపిన మైదా పిండి చాలు.

చార్ట్ మీద 12 సెంటీమీటర్ల గీత గీయండి. కంపాస్‌ను 12 సెంటీమీటర్లకు తెరిచి, గీత రెండు చివరల నుంచీ చాపాలు గీస్తే అవి ఒక చోట కలుస్తాయి. ఆ బిందువును గీత చివరలకు కలిపితే సమబాహు త్రిభుజం వస్తుంది. మూడు భుజాల మధ్యబిందువులు గుర్తుపెట్టి వాటిని కలపండి. లోపల ఇంకో చిన్న త్రిభుజం ఏర్పడుతుంది. ఆ లోపలి గీతల మీద మడిచి, మూడు చివరలనూ పైకి లేపి ఒకచోట కలిపి టేపు వేయండి. నాలుగు ముఖాలు, నాలుగు మూలలు, ప్రతి అంచూ 6 సెంటీమీటర్లు ఉన్న చతుర్ముఖి తయారైంది. ఇలాంటివి 16 చేసుకోండి. ఒక చార్ట్ సరిపోతుంది.

ఇప్పుడు ఏది ఏమిటో మనసులో ఖాయం చేసుకోవాలి. నాలుగు మూలల్లో నాలుగు ఆక్సిజన్లు ఉంటాయి, అక్కడ చిన్న క్లే ఉండలు పెట్టండి. సిలికాన్ సరిగ్గా మధ్యలో ఉంటుంది, కాగితం లోపల కాబట్టి కనిపించదు. కాగితపు ముఖాలు మన సౌకర్యం కోసమే, అసలు ఖనిజంలో అక్కడ గోడలేమీ ఉండవు. నిజమైన చతుర్ముఖిలో ఆక్సిజన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య దూరం సుమారు 2.6 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ మిల్లీమీటరులో కోటో వంతు), అంటే మీ చేతిలోది అసలుకు దాదాపు 23 కోట్ల రెట్లు పెద్దది.

మూలలనే ఎందుకు కలపాలి

చాలామంది ఈ ప్రశ్న దాటేసి ముందుకు పోతారు. దాటేయకండి. రెండు చతుర్ముఖులు తీసుకుని మూడు రకాలుగా పెట్టి చూడండి. మూలకు మూల తగిలించి వరసలో పెడితే వాటి కేంద్రాల మధ్య దూరం సుమారు 7.3 సెంటీమీటర్లు. అంచుకు అంచు ఆనిస్తే 4.2కు తగ్గుతుంది. ముఖానికి ముఖం అతికిస్తే రెండున్నరకు లోపే. కేంద్రాల్లో ఉన్నవి సిలికాన్ అయాన్లు, ఒక్కోదానికి నాలుగు ప్లస్‌లు. అంత ఎక్కువ ధనావేశం ఉన్నవి రెండూ దగ్గరపడితే గట్టిగా వికర్షించుకుంటాయి. అందుకే ప్రకృతిలోని సిలికేట్లలో సిలికాన్ చతుర్ముఖులు మూలల దగ్గరే కలుస్తాయి. లైనస్ పౌలింగ్ 1929లో ఇచ్చిన నియమాల్లో ఇదొకటి. ఆ వాక్యం చదివి అర్థం చేసుకోవడం కన్నా, కాగితం చతుర్ముఖులు పట్టుకుని స్కేలుతో కొలిచినప్పుడు ఆ నియమం బాగా ఎక్కుతుంది.

రెండు చిన్న సూత్రాలు

ఒక మూలను ఇద్దరు పంచుకుంటే ఆ ఆక్సిజన్ చెరి సగం. కాబట్టి ఒక సిలికాన్ వాటాకు వచ్చే ఆక్సిజన్లు ఎన్నో తెలియాలంటే నాలుగులోంచి, పంచుకున్న మూలల సంఖ్యలో సగం తీసేయండి. ఏదీ పంచుకోకపోతే 4. ఒకటి పంచుకుంటే 3.5. రెండైతే 3. మూడైతే 2.5. నాలుగూ పంచుకుంటే 2.

రెండో సూత్రం ఆవేశానిది. పంచుకోకుండా మిగిలిన మూల ఒక్కోదానికి ఒక మైనస్. ఏమీ పంచుకోని చతుర్ముఖికి నాలుగు మైనస్‌లు, అన్నీ పంచుకున్నదానికి సున్నా. మిగిలిన ఈ మైనస్‌లను సరిపెట్టడానికే మెగ్నీషియం, ఇనుము, కాల్షియం, పొటాషియంలాంటివి ఖనిజంలోకి వస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మీ నమూనాలో గొలుసుకు చివరలుంటాయి, నిజం గొలుసుకు ఉండవనే అనుకోవాలి. అందుకని క్లే ఉండలన్నీ లెక్కపెడితే లెక్క తప్పుతుంది. ఎప్పుడూ మధ్యలో ఉన్న చతుర్ముఖిని ఎంచుకుని, దాని నాలుగు మూలల్లో ఎన్ని పంచుకున్నదో మాత్రమే చూడండి. ఉంగరానికి చివరలు లేవు కాబట్టి అక్కడ మాత్రం ఉండలన్నీ నిర్భయంగా లెక్కపెట్టవచ్చు.

విడివిడిగా, జంటగా, ఉంగరంగా

చతుర్ముఖులను ఒకదానికొకటి తగలకుండా బల్ల మీద పెట్టండి. ఇవి నీసోసిలికేట్లు. సిలికాన్ ఒకటి, ఆక్సిజన్ నాలుగు, మైనస్‌లు నాలుగు. కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్ట ఎర్రటి గార్నెట్లకు పేరు పడింది. విశాఖ, భీమునిపట్నం తీరపు ఇసుకలో అక్కడక్కడా కనిపించే ఎర్రటి చారలు కూడా గార్నెట్ రేణువులవే. అక్కడ దొరికే ఆల్మండైన్ రకంలో ఇనుము 3, అల్యూమినియం 2, సిలికాన్ 3, ఆక్సిజన్ 12. మూడు చతుర్ముఖులకు పన్నెండు మైనస్‌లు. ఇనుము నుంచి ఆరు ప్లస్‌లు, అల్యూమినియం నుంచి ఆరు. లెక్క సరిపోయింది. చతుర్ముఖులు ఒకదాన్నొకటి పట్టుకోలేదు కదా, ఖనిజం మెత్తగా ఉంటుందేమో అనుకోకండి. మధ్యలో ఉన్న అయాన్లు అన్ని వైపుల నుంచీ వాటిని బిగించి ఉంచుతాయి. గార్నెట్ కాఠిన్యం, 1 నుంచి 10 వరకు ఉండే మోస్ స్కేలు మీద, ఇంచుమించు 7. ఏ ఒక్క దిక్కూ బలహీనం కాదు కాబట్టి దానికి తేలిగ్గా విడిపోయే నునుపైన తలాలు (విదళన తలాలు) ఉండవు, ఎటుపడితే అటు పగులుతుంది.

రెండిటిని ఒక మూల దగ్గర కలిపితే సోరోసిలికేట్: సిలికాన్ 2, ఆక్సిజన్ 7. గ్రానైట్ పలకల్లో పిస్తా రంగు సన్నటి చారలు చూసే ఉంటారు, అవి చాలాసార్లు ఎపిడోట్. దానిలో జంటలూ, విడి చతుర్ముఖులూ రెండూ ఉంటాయి. ఆ చిక్కు గురించి చివర్లో చెబుతాను.

ఇప్పుడు ఆరు చతుర్ముఖులను గుండ్రంగా పెట్టి, ప్రతిదీ అటు ఒక మూల ఇటు ఒక మూల పంచుకునేలా కలపండి. ఉండలు లెక్కపెట్టండి: కలిసినవి 6, కలవనివి 12, మొత్తం 18. ఆరు సిలికాన్లకు పద్దెనిమిది ఆక్సిజన్లు, అంటే ఒకటికి మూడు. ఇది సైక్లోసిలికేట్, బెరిల్ నిర్మాణం ఇదే. పచ్చ అనే రత్నం బెరిల్‌లో కొద్దిగా క్రోమియమో వెనేడియమో చేరినదే. నెల్లూరు వైపు గూడూరు ప్రాంతపు పెగ్మటైట్లలో (పెద్ద పెద్ద స్ఫటికాలున్న రాళ్ళలో) అభ్రకంతోపాటు బెరిల్ కూడా దొరుకుతుంది. ఉంగరాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండడం వల్ల మధ్యలో ఒక గొట్టంలాంటి ఖాళీ మిగులుతుంది, నీటి అణువులు, సోడియం, సీసియంలాంటివి అందులో చేరతాయి.

గొలుసు, జంట గొలుసు

ఉంగరం విప్పి సాగదీయండి. ప్రతి చతుర్ముఖీ ఒక ముఖం మీద బల్లపై కూర్చోవాలి, పైమూల ఆకాశం వైపు చూడాలి. అడుగున ఉన్న మూడు మూలల్లో రెండు పక్కవాటితో కలుస్తాయి. మూడోది ఒకదానికి ఎడమ వైపు, తర్వాతదానికి కుడి వైపు తిరగాలి. ఇది ఐనోసిలికేట్. పంచుకున్నవి రెండే కాబట్టి నిష్పత్తి మళ్ళీ ఒకటికి మూడు. ఉంగరానికీ గొలుసుకూ నిష్పత్తి ఒకటే రావడం తప్పేమీ కాదు. నిష్పత్తిని చూసి ఆ రెండిటినీ విడదీయలేం, ఖనిజం తెలిసి ఉండాలి.

గొలుసులో ఒక చతుర్ముఖి నుంచి అదే తీరులో తిరిగిన మరో చతుర్ముఖి వరకు స్కేలుతో కొలవండి: 12 సెంటీమీటర్లు. దాన్ని 23 కోట్లతో భాగిస్తే సుమారు 5.2 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఇలాంటి ఒంటి గొలుసులున్న పైరాక్సీన్ ఖనిజాల స్ఫటికాల్లో గొలుసు పొడవునా ఎక్స్‌రేలతో కొలిచినప్పుడు కూడా దాదాపు ఇంతే వస్తుంది. 1928లో వారెన్, బ్రాగ్ కలిసి డయాప్సైడ్ అనే పైరాక్సీన్ నిర్మాణాన్ని ఎక్స్‌రేలతో తేల్చి ఈ గొలుసును బయటపెట్టారు. చార్ట్ కాగితంతో చేసిన బొమ్మ కొలత ప్రయోగశాల కొలతకు ఇంత దగ్గరగా రావడం నాకు ఎప్పుడు చూసినా సంతోషంగా ఉంటుంది.

పైరాక్సీన్‌ను కళ్ళతో చూడాలంటే ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ పలక చూడండి. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ శిలాశాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. నల్లటి రాతిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్, ఒంటి గొలుసు సిలికేట్.

రెండు గొలుసులను పక్కపక్కన పెట్టి, లోపలి వైపు తిరిగిన మూలలను కలపండి. ఒక చతుర్ముఖి రెండు మూలలు పంచుకుంటే తర్వాతది మూడు పంచుకుంటుంది. సగటు రెండున్నర. నాలుగులోంచి ఒకటింపావు తీసేస్తే 2.75, అంటే 4 సిలికాన్లకు 11 ఆక్సిజన్లు. పట్టికలో అందరినీ తికమకపెట్టే ఆ 4:11 నిష్పత్తి ఇక్కడి నుంచే వచ్చింది. హార్న్‌బ్లెండ్, ట్రెమోలైట్ లాంటి ఆంఫిబోల్స్ ఇవి, ఇవీ ఐనోసిలికేట్లే. గొలుసుల మధ్య ఏర్పడిన ఆరు భుజాల ఖాళీల్లో హైడ్రాక్సిల్ అయాన్లు (ఆక్సిజన్, హైడ్రోజన్ ఒక్కొక్కటి కలిసి ఒక మైనస్ ఉన్నవి) కూర్చుంటాయి.

రెండు నమూనాలనూ చివర నుంచి చూడండి. ఒంటి గొలుసు ఇరుకు, జంట గొలుసు దానికి రెట్టింపు వెడల్పు. రాయి విరిగేటప్పుడు గొలుసు తెగదు, గొలుసుల మధ్య నుంచి మెట్లుమెట్లుగా విరుగుతుంది. ఇరుకు గొలుసైతే ఆ మెట్లు దాదాపు లంబకోణంలో, 87, 93 డిగ్రీల దగ్గర వస్తాయి. వెడల్పు గొలుసైతే 56, 124 డిగ్రీలకు మారతాయి. సూక్ష్మదర్శిని కింద పైరాక్సీన్‌నూ ఆంఫిబోల్‌నూ వేరు చేయడానికి జియాలజిస్టులు ఇప్పటికీ ముందు చూసేది ఈ కోణమే.

పొర: ఇక్కడ కాస్త నిలవండి

జంట గొలుసు పక్కన మరో గొలుసు, దాని పక్కన ఇంకొకటి చేర్చుకుంటూ పోతే అడుగు మూలలన్నీ పంచుకున్నవే అవుతాయి, పైమూల ఒక్కటే మిగులుతుంది. మూడు పంచుకున్నాం కాబట్టి 2.5, అంటే రెండు సిలికాన్లకు అయిదు ఆక్సిజన్లు. చతుర్ముఖి ఒక్కింటికి ఒక మైనస్. ఇవి ఫిల్లోసిలికేట్లు. ఇలాంటి రెండు పొరలు తమ పైమూలలను ఎదురెదురుగా పెట్టుకుని, మధ్యలో మెగ్నీషియమో అల్యూమినియమో పట్టుకుంటే ఒక కట్ట తయారవుతుంది. అభ్రకం, బలపం, నల్లరేగడి బంకమన్ను మూడూ ఈ కట్టలతో కట్టినవే. వాటి మధ్య తేడా అంతా కట్టకు ఎంత ఆవేశం మిగిలింది అన్నదాంట్లోనే ఉంది.

బలపం తీసుకోండి. కర్నూలు, అనంతపురం వైపు దొరికే స్టియటైట్ రాయిలో ప్రధాన ఖనిజం టాల్క్: మెగ్నీషియం 3, సిలికాన్ 4, ఆక్సిజన్ 10, హైడ్రాక్సిల్ 2. నాలుగు చతుర్ముఖులకు నాలుగు మైనస్‌లు, హైడ్రాక్సిల్‌కు రెండు, మొత్తం ఆరు. మూడు మెగ్నీషియాలకు ఆరు ప్లస్‌లు. కట్టకు మిగిలింది సున్నా. ఒక కట్టను ఇంకో కట్టతో పట్టి ఉంచే అయాన్ ఏదీ లేదు, చాలా బలహీనమైన ఆకర్షణ తప్ప. అందుకే వేళ్ళ మధ్య జారుతుంది, పలక మీద గీస్తే కట్టలు విడిపోయి తెల్లటి గీతగా మిగులుతాయి. మోస్ స్కేలు మీద దాని స్థానం 1, అన్నిటికన్నా మెత్తన.

ఇప్పుడు గూడూరు అభ్రకం ముక్క చేతిలోకి తీసుకోండి. మస్కొవైట్‌లో ప్రతి నాలుగు చతుర్ముఖుల్లో ఒకదాని మధ్యలో సిలికాన్ బదులు అల్యూమినియం ఉంటుంది. సిలికాన్‌కు నాలుగు ప్లస్‌లు, అల్యూమినియానికి మూడే. కాబట్టి ఒక మైనస్ ఎక్కువ మిగిలింది. దాన్ని సరిపెట్టడానికి కట్టల మధ్య పొటాషియం చేరి రెండు వైపులా పట్టుకుంటుంది. అందుకే అభ్రకం వేళ్ళతో రుద్దితే బలపంలా పొడి రాలదు. కానీ అంచు దగ్గర గుండుసూది మొన దూర్చి మెల్లగా లేపండి, నునుపైన పలచటి రేకు లేస్తుంది. ఆ రేకును మళ్ళీ లేపితే ఇంకో రేకు. వంచితే వంగుతుంది, వదిలితే తిరిగి తిన్నగా అవుతుంది. విడిపోయేది పొటాషియం ఉన్న చోటే. ఒక కట్ట మందం సుమారు 10 ఆంగ్‌స్ట్రామ్‌లు కాబట్టి మీరు లేపిన రేకు మందం 0.05 మిల్లీమీటర్లు ఉందనుకుంటే అందులో దాదాపు 50,000 కట్టలున్నట్టు. ఎంత ఓపిక ఉన్నా సూదితో చివరి కట్ట దాకా వెళ్ళలేరు.

మూడోది నల్లరేగడి. ఆదిలాబాద్ వైపు సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటి దక్కన్ బసాల్ట్ శిథిలమై ఏర్పడిన నేలలో స్మెక్టైట్ జాతి బంకమన్ను ఎక్కువ. దాని కట్టకు మిగిలే ఆవేశం సున్నాకూ ఒకటికీ మధ్యలో ఉంటుంది. అయాన్లు కట్టల మధ్య ఉంటాయి గానీ గట్టిగా బిగించలేవు. వాన పడితే నీరు కట్టల మధ్యకు దూరి వాటిని ఎడంగా నెడుతుంది, నేల ఉబ్బుతుంది. ఎండాకాలం ఆ నీరు పోయి కట్టలు దగ్గరపడతాయి, చేలో చేయి పట్టేంత నెర్రెలు పడతాయి. ఇంటి పునాది వేసేవాళ్ళు నల్లరేగడి అంటే భయపడేది అందుకే.

పులివెందుల దగ్గరి రాతినార (ఆస్బెస్టాస్) కూడా పొర సిలికేటే. పీచులా ఉంది కాబట్టి గొలుసు అని పరీక్షల్లో చాలామంది రాసేస్తారు. అక్కడిది క్రిసోటైల్. అందులో చతుర్ముఖుల పొరకు ఒక వైపే మెగ్నీషియం పొర అంటుకుని ఉంటుంది, మెగ్నీషియం పొర కొలత కొంచెం పెద్దది. పెద్దది బయటికీ చిన్నది లోపలికీ వచ్చేలా రెండూ కలిసి గొట్టంలా చుట్టుకుంటాయి, ఆ గొట్టాలే మనకు నారలా కనిపిస్తాయి. ఆంఫిబోల్ జాతి రాతినార వేరే ఉంది, అది మాత్రం జంట గొలుసే. నమూనా కోసం రాతినార ముక్కలు ఇంటికి తెచ్చుకోవద్దు. దాని ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే క్యాన్సర్ రావచ్చు.

నాలుగు మూలలూ పంచుకుంటే

ఇవి టెక్టోసిలికేట్లు. దీన్ని కాగితంతో కట్టడం కష్టం. పొర నమూనాలో ఒకటి విడిచి ఒకటి తలకిందులు చేసి, పైమూలలు కొన్ని పైకీ కొన్ని కిందికీ చూసేలా పెట్టండి. పైకి చూసేవాటి మీద ఇంకో పొర కూర్చోబెడితే అల్లిక ఎలా అన్ని దిక్కులకూ పాకుతుందో తెలుస్తుంది. ట్రిడిమైట్ అనే సిలికా రూపంలో ఇలాగే ఉంటుంది. పలుగురాయిలో (క్వార్ట్జ్) చతుర్ముఖులు మెలికలు తిరిగి పాకుతాయి, కానీ లెక్క అదే: సిలికాన్ 1, ఆక్సిజన్ 2, మైనస్‌లు సున్నా. వేరే అయాన్ అవసరమే లేదు. గోదావరి, కృష్ణ ఇసుకలో ఎక్కువగా పలుగురాయి రేణువులే మిగలడానికి ఇదే కారణం. నీళ్ళు కరిగించి పట్టుకుపోవడానికి దానిలో పొటాషియమో కాల్షియమో లేదు. విడి చతుర్ముఖులున్న ఆలివిన్ త్వరగా, పైరాక్సీన్, ఆంఫిబోల్ ఆ తర్వాత, పలుగురాయి అన్నిటికన్నా ఆలస్యంగా శిథిలమవుతాయని గోల్డిచ్ 1938లో చూపించాడు. ఆ వరస ఇంచుమించు మనం పంచుకున్న మూలల వరసే.

ఫెల్స్‌పార్‌లు కూడా ఈ అల్లికవే. హైదరాబాద్ గ్రానైట్ బండల్లో గులాబీ రంగులో కనిపించేది పొటాషియం ఫెల్స్‌పార్. నాలుగు చతుర్ముఖుల్లో ఒకదానిలో అల్యూమినియం ఉంటే పొటాషియం లేదా సోడియం ఒకటి చేరుతుంది. రెండిటిలో ఉంటే కాల్షియం చేరుతుంది. అంతకు మించి అల్యూమినియం పట్టదు, ఎందుకంటే రెండు అల్యూమినియం చతుర్ముఖులు పక్కపక్కన మూల పంచుకోవడానికి ఇష్టపడవు. దీన్ని 1954 నుంచి లోవెన్‌స్టైన్ నియమం అంటున్నారు.

ఫార్ములా నుంచి వెనక్కి

ఫార్ములా ఇచ్చి గ్రూపు అడిగితే ఇలా చేయండి. హైడ్రాక్సిల్‌లోని ఆక్సిజన్‌ను పక్కన పెట్టండి. సిలికాన్‌తోపాటు, పుస్తకం బ్రాకెట్‌లో సిలికాన్ పక్కనే రాసిన అల్యూమినియాన్ని కూడా చతుర్ముఖిగా లెక్కవేయండి. బ్రాకెట్ బయట ఉన్న అల్యూమినియం ఆరు ఆక్సిజన్ల మధ్య కూర్చున్నది, దాన్ని కలపకూడదు. మస్కొవైట్‌లో లోపల అల్యూమినియం 1, సిలికాన్ 3, ఆక్సిజన్ 10. అంటే 4:10, పొర. కాల్షియం ఫెల్స్‌పార్ అయిన అనార్థైట్‌లో కాల్షియం 1, అల్యూమినియం 2, సిలికాన్ 2, ఆక్సిజన్ 8. సిలికాన్ ఒక్కదాన్నే చూస్తే ఒకటికి నాలుగు వచ్చి విడి చతుర్ముఖి అనిపిస్తుంది. రెండు అల్యూమినియాలూ అల్లికలోవే కాబట్టి 4:8, అంటే 1:2. ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

అభ్యాసానికి విశాఖ కైలాసగిరి కొండ రాయి ఖోండలైట్ మంచిది. అందులో గార్నెట్, పలుగురాయి, ఫెల్స్‌పార్, సిల్లిమనైట్ ఉంటాయి. మొదటి మూడూ మీరిప్పటికే చేసేశారు. సిల్లిమనైట్‌లో అల్యూమినియం 2, సిలికాన్ 1, ఆక్సిజన్ 5. సిలికాన్‌కు నాలుగు కన్నా ఎక్కువ ఆక్సిజన్లు వచ్చాయంటే, ఒక ఆక్సిజన్ ఏ సిలికాన్‌కూ చెందకుండా అల్యూమినియంతో మాత్రమే ఉందన్నమాట. పుస్తకాలు దీన్ని నీసోసిలికేట్లలో వేస్తాయి.

ఇక ఎపిడోట్. సిలికాన్ 3, హైడ్రాక్సిల్ పోగా ఆక్సిజన్ 12. నిష్పత్తి ఒకటికి నాలుగు, విడి చతుర్ముఖులని అనిపిస్తుంది. అసలు లోపల ఉన్నది ఒక జంట, ఒక విడి చతుర్ముఖి, వాటికి ఏడూ నాలుగూ పదకొండు ఆక్సిజన్లు. పన్నెండోది ఏ చతుర్ముఖికీ చెందనిది. ఇలాంటి చోట నిష్పత్తి ఒక్కటే చూసి తేల్చకండి. ఫార్ములాను విడగొట్టి రాసిన పుస్తకం తెరిచి, జంట ఎక్కడుందో చూసుకున్నాకే గ్రూపు పేరు రాయండి.